విల్లు వదిలిన అర్జునుడు బలహీనుడా?

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ జంట క్వార్టర్ ఫైనల్లోనే ఓడింది. మరి ఆటగాడి విలువ ఏ ఫలితంలో ఉన్నట్టు?

ఫలితం మన చేతిలో లేదంటుంది గీత. ఆ బోధను ‘బాధ మింగి ఆడు’ అనే ఆజ్ఞగా విద్యార్థి క్రీడాకారులపై రుద్దకూడదు. గీత తొలి అధ్యాయమే అర్జున విషాదయోగం. వీరుడు తన వణుకును దాచలేదు, సారథికి చెప్పుకున్నాడు. ఉపదేశం ఆ తర్వాతే మొదలైంది.

అర్జునుడిలాగే తన బాధను దాచకుండా, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మానసిక ఆరోగ్యం కోసం టీమ్ ఫైనల్ నుంచి తప్పుకున్న జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది.

కోచ్‌లూ, తల్లిదండ్రులూ! స్కోరు కంటే ముందు పిల్లల మనసు సంగతి అడగండి. అవసరమైతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి.