శిక్షతో ఋణము తీరునా?

మా తండ్రిగారి సమాధి పలకను ఎవరో పగులగొట్టిరి. బంధువు లందరును "వానిని చెఱసాలలో వేయింపవలె" ననిరి. చట్టమును అందుకు కలదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 297వ సెక్షనును, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 301వ సెక్షనును ఒకే మాట చెప్పుచున్నవి: పరుల మనస్సు నొప్పించు తలంపుతోనో, నొచ్చునని యెఱిగియో శ్మశానమున అక్రమముగా ప్రవేశించిన వానికి ఏడాది వరకు ఖైదు, లేక జుల్మానా, లేక రెండును.

గుమాస్తాగా నేను జుల్మానా పద్దులు వ్రాసినవాడను. ఆ సొమ్ము ఖజానాకు చేరును. విరిగిన పలక విరిగినట్లే యుండును. జుల్మానా నుండి నష్టపరిహారము ఇప్పించు అధికారము న్యాయస్థానమునకు కలదు. ధర్మమునకు అదియే చేరువ యని నా తలంపు. ఖైదు దోషిని బాధించును గాని రాతిని నిలబెట్టదు.

అయితే దోషి దొరకనిచో? పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనకు, పెద్దల పేరు తెలుగు లిపిలో మిగిలిన చోటు ఒక్కొక్కప్పుడు ఆ పలక యొక్కటియే. దానిని గడ్డి కప్పుచుండగా చూచి ఊరకున్న వారసుని ఏ సెక్షనును శిక్షింపదు. పదేండ్లుగా నేనును అట్టివాడనే. కావున ఫిర్యాదు వ్రాయుటకు ముందే తాపీవానిని పిలిపించితిని.