ఆకాశ విన్యాసము – కాయక ధర్మము

శివశరణులు కాయకమును పూజగా నెంచిరి. మడక దున్నుటయైనను, మగ్గము నేయుటయైనను, పడవ నడపుటయైనను పని శుచిగా నుండవలె ననిరి. అయితే చూపరుల వేడుకకై ప్రాణమొడ్డి చేయు పని కాయకమగునా? అందులోని అపాయము ఎవరిది? విమాన ప్రదర్శనలలో జరిగిన ప్రమాదములను తలచినపుడు ఈ ప్రశ్న తప్పక యెదురగును.

బుక్కపట్నము చెరువుకట్టపై ఆడు బిడ్డలు పుట్టపర్తిలో దిగబోవు విమానము కనబడిన ఆట మాని తలలెత్తి చూతురు. ఎగురుదానిని చూచి సంతసించుట మానవసహజము. అందు దోషము లేదు. చూచువాని సంతోషమునకు వేరొకడు మూల్యము చెల్లించునపుడే చిక్కు పుట్టును.

2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేటలో నౌకాదళమువారి ‘సాగర్ పవన్’ దళము విన్యాసములు చేయుచుండగా కిరణ్ విమాన మొకటి న్యూ బోయిన్‌పల్లిలో ఒక కట్టడముపై కూలెను. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ అసువులు బాసిరి. నేలమీదివారును గాయపడిరి. ఇంకను దగ్గరి సంగతి యొకటి కలదు. హిందూపురమునుండి బెంగళూరునకు పోవు రైలు ఎలహంక మీదుగా పోవును. ఆ ఎలహంకలో 2019 ఫిబ్రవరి 19న, ప్రదర్శనకు ముందునాడు, అభ్యాసము చేయుచున్న సూర్యకిరణ్ దళపు విమానములు రెండు ఢీకొనెను. వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించెను.

వైమానికుడు అపాయము తెలిసి యెక్కినవాడు. ప్రేక్షకుడు కోరి వచ్చినవాడు. తన యింట తానున్నవాడు ఈ రెండును కాడు. ఇంగ్లండులోని షోరమ్‌లో 2015 ఆగస్టు 22న 1950ల నాటి హంటర్ జెట్టు చక్రాకారముగా పల్టీ కొట్టి పైకి లేవజాలక రహదారిపై బడెను. చనిపోయిన 11 మందియు ఆ దారిని నున్నవారే. పరుల ప్రాణమును వారి సమ్మతి లేక పణముగా నొడ్డు పని యెంత సాహసముతో గూడినదైనను, బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా బోధించిన మార్గమున దానికి తావు లేదు.

మన తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన అమెరికాలోని డల్లాసులో 2022 నవంబరు 12న జరిగినది వేరొక విధమైన పాఠము. రెండవ ప్రపంచయుద్ధము నాటి బి-17 బాంబరును పి-63 యుద్ధవిమానము గాలిలో ఢీకొనెను. ఆరుగురు మృతిచెందిరి. విచారించిన అధికారులు యంత్రముల ముసలితనమును తప్పుపట్టలేదు. ఏ విమానము ఏ యెత్తున, ఎంత దూరమున నుండవలెనో ముందుగా కూర్చుండి నిర్ణయించిన పథకము లేదనిరి. ప్రదర్శన నడపువాడు నేలనుండి అప్పటికప్పుడు ఆజ్ఞలిచ్చుట, ఒకరినొకరు కన్నులతో చూచి తప్పుకొనుట – ఈ రెంటినే నమ్ముకొనిరి. కాని వంగి తిరుగు విమానమున దాని ముక్కును రెక్కయును ఎదుటిదానిని మరుగుపరచును. చూడవలసినవాడు ఎంత నేర్పరియైనను కానరానిదానిని చూడలేడు గదా!

చెరువుకు నీరుగంటి యున్నట్లే యిదియు. మంచి నీరుగంటి వానకు ముందే తూమును, మరువను చూచుకొనును. నీరు కట్ట దాటునపుడు పరుగెత్తుట సాహసమే. ఆ సాహసమునకు అవసరము కలిగించుట మాత్రము అజాగ్రత్త. లోకము పరుగెత్తినవానిని పొగడును, ముందు చూచినవాని పేరైనను అడుగదు.

పాత విమానములను మ్యూజియములో మూసిపెట్టుమనుట న్యాయముకాదు. వాని యింజను ధ్వని విన్న బిడ్డకు చరిత్ర ప్రత్యక్షమగును. వానిని స్వహస్తములతో బాగుచేయువారి శ్రమ నిజమైన కాయకమే. అయితే ఎంత చాలును? ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము నేరుకొని జీవించు శరణుడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును చూచి లక్కమ్మ మందలించి తిరిగి యిచ్చిరమ్మనెను. ఆ తల్లి మందలింపు అపాయమునకును వర్తించును. స్మరణకు ఒక యెగురుట చాలును. ఒకే యెత్తున పలు విమానములు పెనగొనుట అక్కరలేదు. షోరమ్ తరువాత బ్రిటనులో పాత యుద్ధజెట్టులు నేలపైన పల్టీలు కొట్టరాదని, సాధారణముగా సాగిపోవచ్చునని కట్టడి చేసిరి. వేడుక కొంత తగ్గెను. తగ్గిన వేడుకను భరించుట చూపరుల వంతు.

ఇది మనకు దూరపు మాటయు కాదు. మన మఠముల రథోత్సవములలో చక్రములక్రింద చెక్కలు వేసి రథమును నిలుపువారిని ఎవరు గమనింతురు? మోకు లాగువారిని మాత్రము “ఇంకను వేగము, ఇంకను వేగము” అని జనులు ఉత్సాహపరతురు. ఆ కేక వేసినవాడు చక్రముక్రింద నుండడు.