సెలవును ముందే కొనుక్కోవచ్చునా?



పట్టణాల్లో పెద్ద దుకాణాల ముందు ఒక చీటీ నింపి పెట్టెలో వేయిస్తారు. వారం తిరగకముందే ఫోను వస్తుంది. మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి ఫలానా హోటలుకు వచ్చి తీసుకోండి అంటారు. అక్కడ కాఫీ ఇచ్చి, ఊటీ, మున్నార్, గోవా ఫొటోలు చూపించి, గంటన్నరసేపు మాట్లాడతారు. చివరకు ఒక ఒప్పంద పత్రం ముందు పెడతారు. అది విహారయాత్రల సభ్యత్వం. ఇన్నేళ్లపాటు ఏటా ఇన్ని పాయింట్లు ఇస్తారు, ఆ పాయింట్లతో వారి రిసార్టుల్లో గది తీసుకోవచ్చు. పాతికేళ్ల పథకం భారమనుకునే వారికి చిన్న పథకం కూడా ఉంటుంది. అందులో ఏళ్లు తక్కువ, పాయింట్లు తక్కువ, సొమ్ము నెలవారీ వాయిదాలు. ఉపాధ్యాయులు, నర్సులు, రైల్వే ఉద్యోగులు ఎక్కువగా ఉండే మన విచారణల్లో చాలామందికి ఎదురయ్యేది ఈ చిన్న పథకమే. "ఫాదర్ గారూ, ఇది తీసుకోవచ్చునా?" అని అడిగేవారున్నారు.

ఇది కేవలం డబ్బు లెక్క అయితే గురువును అడగనక్కరలేదు, లెక్కల మాస్టారు చాలు. కాని ఈ కాగితం మీద సంతకం పెట్టే మనిషి తన రేపటిని, తన ఇంటివారి రేపటిని ఒక మాటకు కట్టివేస్తున్నాడు. అందుచేత ఇది మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న కూడా.

మొదట ఒక అపోహను తొలగించుకుందాం. విహారయాత్ర కోరడం పాపం కాదు. పని ముగించుకుని వచ్చిన శిష్యులను యేసు ప్రభువు ఏకాంత స్థలానికి వచ్చి కొంత విశ్రమించమని పిలిచినట్లు మార్కు సువార్త 6వ అధ్యాయం చెబుతుంది. పునీత తోమాస్ అక్వినాస్ తన 'సుమ్మా థియొలాజియే'లో ఆటపాటల గురించి రాస్తూ ఒక పాత కథ గుర్తు చేస్తాడు. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచిన విల్లు విరిగిపోతుంది, మనిషి మనస్సు కూడా అంతే అని దాని సారాంశం. జగద్గురువులు రెండవ జాన్‌పాల్ గారు 1991లో వెలువరించిన 'సెంతేసిముస్ అన్నుస్' అనే విశ్వలేఖలో, మెరుగైన జీవితం కోరడం తప్పు కాదని, మనిషిగా ఎదగడం కంటె వస్తువులు కలిగి ఉండడమే మేలనుకునే జీవన విధానం తప్పని బోధించారు. కాబట్టి సెలవు మంచిదా అన్నది మన ప్రశ్న కాదు. ఈ ఒప్పందం ఆ మంచికి సరైన మార్గమేనా అన్నదే ప్రశ్న.

మనం కొంటున్నదేమిటి? గది మనది కాదు, నేల మనది కాదు. కొన్ని రాత్రులు వాడుకునే హక్కు మాత్రమే మనది. ఇలాంటి క్రయవిక్రయం కొత్తదేమీ కాదు. లేవీయకాండము 25వ అధ్యాయం చదవండి. జూబిలీ సంవత్సరంలో పొలం తిరిగి పాత యజమానికి చేరుతుంది గనుక, ఆ లోపల ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో లెక్కించి వెల కట్టాలని దేవుడు ఇశ్రాయేలీయులను ఆదేశించాడు. ఏళ్లు ఎక్కువైతే వెల ఎక్కువ, తక్కువైతే తక్కువ. కొనేది పొలాన్ని కాదు, పంటలను. ఆ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. ఫొటోలోని కొండను చూడవద్దు, చేతికి వచ్చే పంటలను లెక్కపెట్టండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదేళ్ల చిన్న పథకం వెల 2,40,000 రూపాయలు, ఏటా కట్టవలసిన నిర్వహణ రుసుము పన్నుతో కలిపి 12,000 రూపాయలు అనుకోండి. మామూలు రోజుల్లో ఆ పాయింట్లకు ఏడాదికి 5 రాత్రులు వస్తాయనుకోండి. పదేళ్లకు మొత్తం ఖర్చు 3,60,000 రూపాయలు, మొత్తం రాత్రులు 50. అంటే ఒక్కో రాత్రికి 7,200 రూపాయలు. ఏ ఇబ్బందుల వల్లనో రెండేళ్లు వెళ్లలేకపోయి, ఆ పాయింట్లు గడువు దాటిపోతే 40 రాత్రులే మిగులుతాయి, రాత్రి వెల 9,000 అవుతుంది. ఇక మన కుటుంబాలు బయలుదేరేది ఎప్పుడు? వేసవి సెలవులు, దసరా, క్రిస్మసు, సంక్రాంతి. అందరూ గదులు కోరేది కూడా అప్పుడే. పాయింట్ల పద్ధతిలో రద్దీ రోజుకు ఎక్కువ పాయింట్లు పోతాయి. ఆ రోజుల్లో 5 రాత్రులు 3 రాత్రులుగా మారితే, పదేళ్లూ తప్పకుండా వెళ్లినా రాత్రికి 12,000 రూపాయలు పడుతుంది. ప్రయాణ ఖర్చులు, భోజనం వేరు. ఏటా రుసుము పెరిగే వీలుంటే ఆ పెరుగుదల, వాయిదాల మీద వడ్డీ ఇంకా వేరు. అదే 2,40,000 రూపాయలను నూటికి 6 రూపాయల వడ్డీకి బ్యాంకులో వేస్తే మొదటి ఏడాదే 14,400 రూపాయలు వస్తాయి, అసలు చెక్కుచెదరదు.

చిన్న పథకంలోని చిక్కు ఇక్కడే ఉంది. వెల చిన్నది గనుక ధైర్యంగా తీసుకుంటాం. పాయింట్లు కూడా చిన్నవి గనుక పిల్లల సెలవుల్లో అవి చాలవు. అప్పుడు ఇంకొన్ని పాయింట్లు కొనమంటారు. పెట్టిన డబ్బు వృథా కాకూడదని మరికొంత పెడతాం. పోయిన డబ్బును కాపాడడానికి ఉన్న డబ్బును పంపడం వివేకం కాదు.

ఈ వివేకాన్ని శ్రీసభ నాలుగు మూల సుగుణాల్లో మొదటిదిగా చెబుతుంది. తొందరపాటు దీనికి శత్రువు. తొందరపాటు అంటే మెట్లు దిగకుండా మేడ మీదనుంచి దూకడం వంటిదని పునీత తోమాస్ వివరిస్తాడు. బుద్ధి నుండి క్రియకు దిగి రావడానికి ఆయన అయిదు మెట్లు చెబుతాడు. ఆ అయిదింటినీ ఈ ఒప్పందం దగ్గర నిలిపి చూద్దాం.

మొదటి మెట్టు, గతాన్ని జ్ఞాపకం చేసుకోవడం. గడిచిన అయిదేళ్లలో మీ కుటుంబం బంధువుల ఇళ్లకు, గుణదల, వేళాంగణి యాత్రలకు కాక, కేవలం విహారానికి ఎన్నిసార్లు వెళ్లింది? ఒక్కసారి వెళ్లినవారు రాబోయే పదేళ్లలో పదిసార్లు వెళతామనుకోవడం ఆశే గాని అంచనా కాదు.

రెండవ మెట్టు, వర్తమానాన్ని గ్రహించడం. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు ఇప్పుడు ఎక్కడ నిలిచి ఉన్నాయి? ఒప్పందంలోని గదిలో ఎంతమంది పడతారు? చిన్న గదిలో ఇద్దరు పెద్దలకు, ఇద్దరు పిల్లలకు చోటు ఉండవచ్చు. మరి ఇంట్లో ఉన్న నాయనమ్మ? ఆమెను ఏటా ఎవరి ఇంట్లోనో దిగబెట్టి వెళ్లే సెలవును "కుటుంబ విహారం" అని పిలవవచ్చునా, ఆలోచించండి.

మూడవ మెట్టు, రాబోయేదాన్ని ముందుచూపుతో చూడడం. ఏడవ తరగతి పిల్లవాడు మూడేళ్లలో పదవ తరగతి పరీక్షలు, ఆపై ఇంటర్మీడియెటు పరీక్షలు రాస్తాడు. ఆ ఏళ్లలో ఎవరూ ఇల్లు కదలరు. కాని రుసుము కదిలి వస్తుంది.

నాలుగవ మెట్టు, పోల్చి చూడడం. ఏటా కావలసినప్పుడు కావలసిన ఊళ్లో గది అద్దెకు తీసుకుంటే ఎంత అవుతుంది? అదే రిసార్టులో సభ్యులు కానివారికి గది ఎంతకు ఇస్తున్నారో అడిగారా?

అయిదవ మెట్టు, అనుభవజ్ఞుల మాట వినే వినయం. అమ్మేవారిని కాదు, మూడు నాలుగేళ్లుగా ఆ సభ్యత్వం ఉన్నవారిని అడగండి. కోరిన తేదీల్లో గది దొరికిందా? వద్దనుకుంటే ఎవరైనా కొన్నారా? ఎంతకు?

"ఈ ధర ఈ రోజు వరకే" అనే మాట ఈ అయిదు మెట్లనూ ఒక్కసారిగా తీసివేస్తుంది. కొందరు భర్తలు భార్య ఎదుట "మన వల్ల కాదు" అని చెప్పడానికి సిగ్గుపడి సంతకం పెడతారు. కొందరు భార్యలు భర్త ముచ్చటను కాదనలేక ఊరుకుంటారు. తాగిన కాఫీకి మొగమాటపడేవారు కూడా ఉన్నారు. భార్యాభర్తలు ఒకరికొకరు నిజం చెప్పుకోలేని గదిలో ఏ ఒప్పందమూ చేయవద్దు. ఇంటికి రండి, ప్రార్థన చేసుకోండి, రెండు రాత్రులు నిద్రపోండి. ప్రాకారం గల పట్టణంలో ఇల్లు అమ్మినవాడు ఏడాదిలోపు దానిని విడిపించుకోవచ్చునని అదే లేవీయకాండము 25వ అధ్యాయం హక్కు ఇచ్చింది. ఐరోపా దేశాల సమాఖ్య 1994లో ఇలాంటి ఒప్పందాలకు 10 రోజుల ఉపసంహరణ గడువు పెట్టింది, 2008లో దానిని 14 రోజులు చేసింది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో అది 10 రోజులు. అక్కడ ఉన్న మీ పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పండి. మన దేశంలో మీ పత్రంలో అలాంటి గడువు రాసి ఉందో లేదో సంతకానికి ముందే చదవండి. నోటి మాటలన్నీ కాగితం మీద రాయమనండి. మోసం జరిగిందనుకుంటే 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ఉంది, 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. "ఫాదర్, పెళ్లినాడు మేము జీవితమంతటినీ కట్టివేసుకున్నాం గదా! మీరు కూడా అభిషేకం నాడు మాట ఇచ్చారు గదా! పదేళ్ల సెలవుకు మాట ఇస్తే తప్పేమిటి?" మంచి ప్రశ్న. మనిషి మాటకు కట్టుబడడం అతని గొప్పతనమే. అయితే వివాహంలో మనం ఒక వ్యక్తికి మాట ఇస్తాం. కలిమిలోను లేమిలోను, ఆరోగ్యంలోను వ్యాధిలోను అని మార్పులన్నిటినీ ఆ మాటలోనే ఇముడ్చుకుంటాం. మనం జబ్బు పడిన ఏడాది జీవిత భాగస్వామి మన మంచం పక్కన కూర్చుంటారు. అదే ఏడాది రిసార్టు రుసుము చీటీ కూడా వస్తుంది, కాని దానికి మన జబ్బుతో పని లేదు. ప్రేమించగల వ్యక్తికి రేపటిని ఇవ్వడం ఆత్మార్పణం. మనల్ని ఎరుగని పథకానికి రేపటిని ఇవ్వడం అప్పు. అప్పు చేయవలసిన అవసరాలు కొన్ని ఉంటాయి, వైద్యం, చదువు, ఇల్లు. విశ్రాంతిని కూడా అప్పుగా మార్చుకోవాలా? రేపు ఫలానా పట్టణానికి వెళ్లి ఇంత లాభం సంపాదిస్తామని చెప్పుకునేవారిని, రేపు ఏమి జరుగునో మీకు తెలియదు గదా అని పునీత యాకోబు తన లేఖ 4వ అధ్యాయంలో మందలిస్తాడు.

ఈ పథకాలు అమ్మే యువతీయువకులను చులకన చేయవద్దు. వారిలో మన బిడ్డలు కూడా ఉన్నారు. నెలకు ఇన్ని అమ్మాలనే ఒత్తిడి వారి మీద ఉంటుంది. అయితే వారికి కూడా ఒక మాట. అమ్మే వస్తువులో దాగి ఉన్న లోపం కొనేవానికి నష్టం తెచ్చేదైతే, దానిని చెప్పవలసిన బాధ్యత అమ్మేవానిదని పునీత తోమాస్ బోధ. రద్దీ రోజుల్లో గది దొరకడం కష్టమని తెలిసి దాచడం నేర్పు కాదు, అన్యాయం. విచారణలోని స్నేహాన్ని అడ్డుపెట్టుకుని తోటి విశ్వాసుల ఫోను నంబర్లు ఇచ్చి బహుమతులు పొందడం కూడా మంచిది కాదు.

మరి ఎవరూ తీసుకోకూడదా? అలా అనను. ఏటా తప్పకుండా వెళ్లే అలవాటు ఇప్పటికే ఉన్నవారు, బడి సెలవులతో పనిలేక రద్దీ లేని రోజుల్లో బయలుదేరగలవారు, అప్పు చేయకుండా మొత్తం సొమ్ము కట్టగలవారు, లెక్క వేసి చూసి అద్దె కంటె చవక అని తేల్చుకున్నవారు తీసుకోవచ్చు. వారికి అది వివేకమే. ఈ నాలుగూ ఉన్న కుటుంబాలు మన విచారణల్లో కొద్ది. మిగిలినవారికి నా సలహా ఒక్కటే. ఆ వాయిదా సొమ్మును మీ పేరనే బ్యాంకులోనో, తపాలా కార్యాలయంలోనో నెలనెలా వేసుకోండి. అరకు వెళతారో, కొడైకెనాల్ వెళతారో ఆ ఏడాది పరిస్థితిని బట్టి నిర్ణయించుకోండి. నాయనమ్మను కూడా తీసుకువెళ్లండి. ఎవరికైనా జబ్బు చేస్తే ఆ సొమ్ము ఆసుపత్రికి పనికివస్తుంది. పాయింట్లు అందుకు పనికిరావు.

ఎడారిలో ఇశ్రాయేలీయులు రేపటికోసం దాచుకున్న మన్నా పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు దాచినది మాత్రం పాడుకాలేదు. దాచడం తప్పు కాదని, ఎందుకు, ఎంత, ఎవరి మాట మీద దాచుకుంటున్నామో తెలిసి ఉండాలని ఆ సంఘటన మనకు నేర్పుతుంది. ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసి, తొందర లేకుండా మాట్లాడుకునే ఆ మధ్యాహ్నం ఏ పాయింట్లూ అడగదు. దానిని ముందు కాపాడుకోండి. కొండలు, సముద్రాలు ఎక్కడికీ పోవు.

ప్రభువు మీ కుటుంబాలకు వివేకాన్ని, విశ్రాంతిని దయచేయును గాక!