గోబీలో శంభల

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి చైనా సరిహద్దు వైపు వెళ్లే రైలు మార్గంలో సైన్‌షాండ్ పట్టణం ఉంది. దానికి దక్షిణాన, గోబీ ఎడారిలో ఉన్న బౌద్ధారామం ఖామరిన్ ఖీద్. 19వ శతాబ్దంలో దీన్ని నెలకొల్పిన దాన్జన్‌రవ్‌జా (1803–1856) లామా, కవి, నాటకకర్త. మద్యమంటే ఇష్టం, ఆ సంగతి దాచుకోలేదు కూడా. టిబెటన్ బౌద్ధంలోని పసుపు టోపీ, ఎరుపు టోపీ సంప్రదాయాలు రెండింటికీ ఇక్కడ చోటిచ్చాడు.

ఆరామం దగ్గర శంభల అనే చోటుంది. ఎర్రమట్టి నేల, చుట్టూ 108 తెల్లని స్తూపాలు. ఈ పేరు బౌద్ధుల విశ్వాసంలోని శంభల రాజ్యానిది. దాని గురించి చెప్పేది కాలచక్ర తంత్రం అనే బౌద్ధ గ్రంథం. ఆ రాజ్యాన్నేలే వంశానికి కల్కి బిరుదు. పురాణాల్లో కల్కి పుట్టే ఊరూ శంభలే. శంభల రాజు సుచంద్రుడికి బుద్ధుడు ఈ తంత్రాన్ని ధాన్యకటక స్తూపం వద్ద, అంటే నేటి అమరావతిలో, బోధించాడని టిబెటన్ల విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్షకు అమరావతిని ఎంచుకోవడం వెనుక ఉన్నది ఈ విశ్వాసమే. గ్రంథం మాత్రం పది, పదకొండు శతాబ్దాల నాటిదని చరిత్రకారుల లెక్క. గోబీలోని ఈ చోటును ఇప్పుడు ‘ప్రపంచ శక్తి కేంద్రం’ అంటున్నారు. అందులో శాస్త్రం కన్నా పర్యాటక ప్రచారం పాలే ఎక్కువ.

యాత్రికులు దగ్గర్లోని శిబిరాల్లో, గెర్ అనే గుండ్రటి గుడారాల్లో బస చేస్తారు. కర్ర చట్రానికి ఉన్ని కంబళి చుట్టి కట్టిన ఇళ్లివి. మధ్యలో పొయ్యి, కప్పు నడినెత్తిన వెలుతురుకు ఖాళీ, దక్షిణానికి వాకిలి. గడప తొక్కకూడదన్న నియమం తెలుగువారికి కొత్త కాదు. గోబీలో పగటి ఎండ ఎంత తీవ్రమైనా రాత్రి చలి పెడుతుంది. అయినా తెల్లవారకముందే లేవాలి, శంభల వద్ద సూర్యోదయం చూడటం ఇక్కడి ఆనవాయితీ కనుక. కొందరు ఎర్రనేల మీద వెల్లకిలా పడుకుంటారు. జంట రాళ్లగుట్టల దగ్గర స్త్రీలు పాలు చల్లి మొక్కుకుంటారు. ఈ ప్రాంతంలోని బయన్‌జుర్ఖ్ కొండ శిఖరానికి మాత్రం స్త్రీలకు ప్రవేశం లేదు. దిగువనున్న ఆలయం దాకానే వెళ్తారు. లామాలు ధ్యానం చేసిన గుహలూ ఆరామం పరిసరాల్లోనే ఉన్నాయి.

1930ల చివర్లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఆరామాన్ని ధ్వంసం చేసింది. దాన్జన్‌రవ్‌జా వస్తువులను తరతరాలుగా కాపాడుతున్న కుటుంబానికి చెందిన తుదేవ్ అప్పుడు 64 పెట్టెలను రహస్యంగా ఎడారిలో పాతిపెట్టి, ఆ గుట్టును మనవడికి మాత్రమే అప్పగించాడు. 1990 తర్వాత మత స్వేచ్ఛ తిరిగి వచ్చింది. మనవడు కొన్ని పెట్టెలు తవ్వితీయగా, 1991లో సైన్‌షాండ్‌లో ప్రదర్శనశాల వెలిసింది. ఆరామంలో కనిపించే ఆలయాలు ఆ తర్వాత మళ్లీ కట్టినవి. దాన్జన్‌రవ్‌జా కాలపు అసలు వస్తువులను చూడాలంటే పట్టణంలోని ప్రదర్శనశాలకే వెళ్లాలి.