సముద్రమునకు ఇసుక పొలిమేర

చదువవలసిన భాగము: యిర్మీయా 5:22



చేవెళ్ల, మొయినాబాదు సంఘములలో సముద్రమును చూడనివారు అనేకులు. మనకు పెద్ద నీరనగా 1920లో మూసీపై ముగించిన ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీపై ముగించిన హిమాయత్‌సాగరు. వాటిని గట్టి కట్టలు ఆపుచున్నవి. సముద్రమునకు దేవుడు ఇసుకను పొలిమేరగా పెట్టెనని ప్రవక్త చెప్పునప్పుడు, ఇసుక ఏమి ఆపునని మనకు సందేహము కలుగుట సహజమే.

ఆ ఇసుక పని మన తెలుగు తీరముననే రెండు చోట్ల కనబడును: కాకినాడ యెదుట హోప్ ఐలాండు, నెల్లూరునకు దక్షిణమున శ్రీహరికోట. రెండును ఒడ్డునకు ఎదురుగా పరచిన ఇసుక నేలలే. రెంటి వెనుకను నెమ్మదియైన నీరున్నది. గాని పుట్టుక వేరు. వాగు పొంగి తీసినప్పుడు, నీటి వడి తగ్గిన మలుపులో ఇసుక మేట వేయుట మనమెరుగుదుము. అట్లే గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరముగా నెట్టగా, తీరము లోపలికి తిరిగినచోట అది మేటవేసి, సుమారు 16 కిలోమీటర్లు నాలుకవలె సాగినది. ఒక కొన నేలనంటి పుట్టినది, రెండవ కొన సముద్రములోనికి పోయినది. పిలుచుట ద్వీపమనియే గాని పుట్టుకకు అది తిన్నె. శ్రీహరికోట అట్లు కాదు. అది తీరము వెంబడి విడిగా నిలిచిన ద్వీపము. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు. ముఖద్వారముల గుండ ఉప్పునీరు సరస్సులోనికి వచ్చిపోవును; అవి ఇసుకతో పూడినప్పుడు బెస్తవారికి కష్టకాలమే. (1971 నుండి అక్కడ రాకెట్లు ఎగురుచున్నవి గనుక మన పిల్లలకు ఆ పేరు తెలియును.)

అంటియున్నది మేలు, విడిపోయినది కీడు అని ప్రసంగించుట తేలిక. మేమట్లు చెప్పము, రెండును చాటునిచ్చుచున్నవి గదా. మమ్మును కలతపెట్టునది మరియొకటి. తిన్నె చాటున కాకినాడ యెదుట ఓడలు నెమ్మదిగా నిలుచును. ఉత్తరమున ఆ చాటు అందని ఉప్పాడలోనో, సముద్రము ఇండ్లను, రోడ్డును కోసికొనుచున్నది.

మన సంఘమును అట్టి చాటే. లోపలివారికి జబ్బు చేసిన నలుగురు పరుగెత్తుదురు. గాని మొయినాబాదు ప్రక్క పొలములు అమ్ముడై తోట బంగళాలు లేచినవి. వాటి కాపలాకు వచ్చిన కుటుంబములు, ఇటుక బట్టీల కూలీలు మన ఆలయమునకు కూతవేటు దూరముననే యున్నారు. వారి బిడ్డకు జ్వరము వచ్చిన మనలో ఎవరికి తెలియును? లూకా 10లో యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి. వారికి వారి చాటు ఉండెను.

ఈ నెల బుధవారపు కూటములు ఆ గుడిసెల యొద్దనే జరుపుటకు పెద్దలు ఒప్పుకొనిరి. చాపలు తెచ్చుకొనుడి. వండినది ఏదైనను, కొంచెము ఎక్కువ తెండి.