కలలో రథానికి చోటెక్కడ?

బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో యాజ్ఞవల్క్యుడు జనక మహారాజుకు కల సంగతి చెబుతాడు. కలలో నిజానికి రథాలుండవు, వాటికి కట్టే గుర్రాలుండవు, నడిచే దారులుండవు. కలగనేవాడే అన్నీ పుట్టించుకుంటాడు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో ఈ ఘట్టం చర్చకొచ్చినప్పుడు శంకరాచార్యులు కొలతబద్ద చేతబట్టిన మేస్త్రీలా అడుగుతారు: ఇంత ఇరుకు ఒంట్లో రథం పట్టేదెలా? కురుదేశంలో పడుకున్నవాడు కలలో పాంచాలానికి వెళ్తాడు, మెలకువొచ్చి చూస్తే కురుదేశంలోనే ఉంటాడు. చోటూ కాలమూ లెక్కకు అందడం లేదు కాబట్టి కల మాయ అని ఆయన తేలుస్తారు.

ఈ ప్రశ్న ఇవాళ ల్యాప్‌టాప్‌ను అడగాల్సినది. గూగుల్ 2014లో లోకానికి విడుదల చేసిన కుబర్నెటీస్ పని, చాలా సర్వర్లను ఒక క్లస్టర్‌గా నడపడం. ఏ ప్రోగ్రాం ఏ సర్వర్ మీద ఉండాలి, ఒక సర్వర్ పడిపోతే దాని మీది పని ఎవరికి అప్పగించాలి అన్నవన్నీ అదే చూసుకుంటుంది. కానీ రాసిన కోడ్‌ను సరిచూసుకోవాల్సిన డెవలపర్ దగ్గర ఉండేది ఒకే మెషీన్. మినీక్యూబ్, కైండ్, కె3డి లాంటి పరికరాలు పుట్టింది ఆ ఇబ్బంది తీర్చడానికే. వీటిలో కైండ్ పద్ధతి మరీ సాహసం. సర్వర్ ఉండాల్సిన చోట అది ఒక డాకర్ కంటెయినర్‌ను నిలబెట్టి, ఇదే సర్వర్ అంటుంది. కుబర్నెటీస్ నమ్ముతుంది.

ఆ నమ్మకాన్ని దగ్గర్నుంచి చూడాలి. 16 జీబీ మెమరీ ఉన్న లైనక్స్ ల్యాప్‌టాప్ మీద కైండ్‌తో అజమాయిషీ చేసే ఒక కంట్రోల్ ప్లేన్, పని మోసే ముగ్గురు వర్కర్లతో క్లస్టర్ లేపితే, నోడ్‌ల (అంటే క్లస్టర్‌లోని సర్వర్ల) జాబితాలో నాలుగు వరుసలు కనిపిస్తాయి. నాలుగింటికీ వేరు వేరు పేర్లు, వేరు వేరు ఐపీ అడ్రసులు. ఇప్పుడు ఒక్కొక్క నోడ్‌ను నీ దగ్గర మెమరీ ఎంత అని విచారించండి. నాలుగూ 16 జీబీ అనే చెబుతాయి. ఏదీ అబద్ధమాడలేదు, ప్రతిదీ కిందున్న ఒకే యంత్రాన్ని చూసి చెబుతోంది. తప్పల్లా కూడికలో ఉంది. పాడ్‌లను, అంటే ప్రోగ్రాంలు నడిచే కంటెయినర్ల మూటలను, నోడ్‌లకు పంచే షెడ్యూలర్ లెక్కలో ఆ ల్యాప్‌టాప్‌లో 64 జీబీ ఉన్నట్టే. అన్నీ కలిపి 40 జీబీ కావాలన్న పాడ్‌లను కూడా అది ధీమాగా వర్కర్లకు సర్దేస్తుంది. అవి అడిగినంతా నిజంగా వాడటం మొదలుపెడితే మాత్రం కింద కెర్నెల్ మేలుకుని ఏదో ఒక ప్రాసెస్ గొంతు నొక్కుతుంది.

ఇరుకు ఒంట్లో రథం సంగతి ఇదే.

అయితే కైండ్ క్లస్టర్ వట్టి కల అని కొట్టిపారేస్తే సరిపోదు. అందులో నడుస్తున్న ప్రాసెస్‌లు నిజం, అవి తినే సీపీయూ నిజం, ఫ్యాన్ మోత మరీ నిజం. మరి అబద్ధం ఏది? ‘నాలుగు’ అన్న సంఖ్య. కెర్నెల్ ఒక్కటే. నేమ్‌స్పేస్ అనే తెరలు కట్టి ఒక్కో కంటెయినర్‌కు ఒక్కో చిన్న లోకం చూపిస్తుంది. లోపలి మొదటి ప్రాసెస్ తన నంబరు 1 అనుకుంటుంది, బయటి నుంచి చూస్తే దానికి వేలల్లో ఏదో నంబరుంటుంది. ఉన్నది ఒకటే, వేరు వేరుగా కనబడటమే ఆరోపితం అనే అద్వైతుల మాటకు ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకడం కష్టం. లోకం లేదని చెప్పడమే అద్వైతం అనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లకు చూపించాల్సింది ఈ నోడ్‌ల జాబితానే.

ఇక్కడ బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి అడ్డు తగులుతాడు. ఏడో శతాబ్దంలో ఆయన పెట్టిన గీటురాయి వేరు. పని చేయగలిగిందే పరమార్థంగా ఉన్నట్టు. కైండ్‌ను ఆ రాయి మీద గీసి చూడొచ్చు. ఒక వర్కర్ కంటెయినర్‌ను డాకర్‌తో ఆపేస్తే, నిమిషం లోపే ఆ నోడ్ సిద్ధంగా లేదని కంట్రోల్ ప్లేన్ గుర్తిస్తుంది. మామూలు అమరికలో ఐదు నిమిషాలు ఓపిక పట్టి, ఆ నోడ్ మీది పాడ్‌లకు బదులు కొత్తవాటిని మిగతా వర్కర్ల మీద లేపుతుంది. డేటా సెంటర్‌లో నిజం సర్వర్ చచ్చిపోయినా జరిగేది ఇదే. కోడ్‌లో లోపం ఉంటే ఇక్కడే బయటపడుతుంది. చచ్చింది ఉత్తుత్తి సర్వర్, దొరికింది అసలైన బగ్.

అబద్ధంలోంచి నిజమైన ఫలితం ఎలా పుడుతుందన్నది శంకరులకూ ఎదురైన చిక్కే. శాస్త్రం కూడా మిథ్యలో భాగమైతే అది సత్యాన్ని ఎలా బోధిస్తుందని ప్రతిపక్షి నిలదీస్తాడు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో శంకరులిచ్చే జవాబు గడుసుది. విషం ఎక్కిందన్న అనుమానంతోనే ప్రాణం పోయినవాళ్లు లేరా? కారణం అసత్యం, చావు సత్యం. కైండ్‌ను ప్రధానంగా తయారుచేసిందే కుబర్నెటీస్‌ను పరీక్షించడానికి. అంటే నిజం సర్వర్లను నడపబోయే కుబర్నెటీస్, ముందు ఇలాంటి కలల క్లస్టర్లలో నెగ్గుకు రావాల్సిందే. రామానుజాచార్యుల దారి ఇంకా సూటిది. కలలోని వస్తువులు కూడా నిజమే, ఆ జీవుడి కోసం ఆ కాస్సేపటికే ఈశ్వరుడు సృష్టించినవి అంటారాయన. క్లస్టర్‌ను ఒక్క కమాండ్‌తో లేపి, మధ్యాహ్నానికి ఇంకో కమాండ్‌తో చెరిపేసే డెవలపర్‌కు ఈ మాట వింతగా తోచదు.

కాకపోతే ఏ ప్రశ్నకు ఈ క్లస్టర్ జవాబు చెప్పగలదో, దేనికి చెప్పలేదో తెలిసి ఉండాలి. పాడ్ చస్తే కొత్తది లేస్తుందా అంటే చెబుతుంది. నాలుగు నోడ్‌లూ ఒకేసారి పోకుండా ఉంటాయా అని అడిగితే దానికి ఆ అర్హతే లేదు, ల్యాప్‌టాప్ మూత వేస్తే నాలుగూ నిద్రపోతాయి. పైగా నోడ్‌లకు ఏ లేబుల్ కావాలంటే అది తగిలించవచ్చు. ఒకదానికి జోన్ హైదరాబాద్ అని, ఇంకోదానికి ముంబై అని రాసి, పాడ్‌లను జోన్ల వారీగా పంచమంటే షెడ్యూలర్ బుద్ధిగా పంచుతుంది. కురుదేశం, పాంచాలం రెండూ ఒకే బల్ల మీద. లేబుల్ తప్ప షెడ్యూలర్‌కు వేరే ప్రమాణం లేదు.

క్లౌడ్‌లోనూ దానికున్న ప్రమాణం అదే. అక్కడ లేబుల్‌లో రాసే వివరం ఇచ్చేది క్లౌడ్ కంపెనీ, అంతే తేడా. ఆ మాట ఆప్తవాక్యమా, అంటే నమ్మదగినవాడి మాటా, కాదా అన్నది షెడ్యూలర్‌కు తెలిసే వీలు లేదు, కస్టమర్‌కు తెలియడమూ అరుదే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ ఆవరణలో మంటలు లేచాయి. ఎస్‌బీజీ2 అనే డేటా సెంటర్ పూర్తిగా కాలిపోయింది, పక్కనున్న ఎస్‌బీజీ1 కొంత కాలింది. అసలు డేటా, బ్యాకప్ రెండూ అదే ఆవరణలో ఉన్న కస్టమర్లు కొందరు రెంటినీ పోగొట్టుకున్నారు. భేదం వస్తువుల్లోనే నిజంగా ఉందనే మధ్వాచార్యుల పక్షం వాళ్లు ఇక్కడ ఒక మాట అనొచ్చు: అదే ఆవరణలోని ఎస్‌బీజీ3, ఎస్‌బీజీ4 కాలలేదు కదా. నిజమే, కాలలేదు. కానీ ఆ రోజు కరెంటు మొత్తం ఆవరణకే తీసేశారు, దాంతో అవీ ఆగిపోయాయి.