ఊరికే

మన భాషలో "ఊరికే" అని ఓ మాట ఉంది, చూశారూ, దానంటే నాకు మహా ఇష్టం. పని లేకుండా కూర్చుంటే ఊరికే కూర్చున్నాడంటాం. డబ్బు పుచ్చుకోకుండా ఇస్తే ఊరికే ఇచ్చాడంటాం. కారణం తెలియని నవ్వు నవ్వితే ఊరికే నవ్విందంటాం. ఇంత చక్కటి మాట, మగపిల్లాడి నోట ఒకలాగా, ఆడపిల్ల నోట ఇంకోలాగా వినిపిస్తుంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

నాకు పన్నెండేళ్లప్పుడు నాన్న సైకిలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. ఓ సాయంత్రం దాన్ని తీసుకుని కాలువ గట్టు మీదికి బయల్దేరుతుంటే అమ్మ "ఎక్కడికే?" అంది. "ఊరికే" అన్నాను. "ఆడపిల్లకి ఊరికే ఏమిటే? పనుంటే చెప్పు, లేకపోతే లోపలికి రా" అంది. సరిగ్గా ఆ మాటే చెప్పి అన్నయ్య అంతకు రెండు నిమిషాల ముందు గుమ్మం దాటాడు. మర్నాటినుంచి నేనూ తెలివి మీరాను. కరివేపాకు కోసమనీ, లెక్కల పుస్తకం కోసమనీ ఏదో ఒక నెపం చెప్పి వెళ్లేదాన్ని. వయసొచ్చాక నెపాలు పెద్దవయ్యాయి గానీ అలవాటు పోలేదు.

కిందటి వేసవిలో ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలింటికి వెళ్లాను. ఓ ఆదివారం మరిదిగారు, "వదినగారూ, రేపు మాన్సాల్ ట్రెయిల్ మీద సైకిలు తొక్కుదాం" అన్నారు. "ఆ దారి ఎక్కడికి వెళ్తుంది?" అన్నాను. "ఎక్కడికీ వెళ్లదు. అటు వెళ్లి ఇటు వచ్చేస్తాం." ఇదేం దారి నాయనా అనుకున్నాను.

డెర్బీషైర్ కొండల మధ్య వై అనే ఏరు ప్రవహిస్తుంది. ఆ లోయ పొడుగునా బేక్‌వెల్ ఊరి దగ్గర్నుంచి బక్స్‌టన్ వైపుకి ఎనిమిదిన్నర మైళ్ల దారి. అది మొదట రైలు దారి. 1863లో వేశారు, 1968లో మూసేశారు. పట్టాలు పీకేసిన ఆ నేలని 1981లో నడిచేవాళ్ల కోసం తెరిచారు. కొండల్ని తొలిచిన పాత సొరంగాలు నాలుగు మాత్రం ప్రమాదమని మూసే ఉంచారు. వాటికి మరమ్మతులు చేసి, దీపాలు పెట్టి, 2011లో తెరిచాక సైకిళ్లు కూడా హాయిగా పోతున్నాయి. కారుకీ లారీకీ అందులో ప్రవేశం లేదు. రుసుమూ లేదు. సైకిలు లేకపోతే అద్దె ఇచ్చుకోవాలి, అంతే. దారి మాత్రం ఊరికే.

రైలింజను నిటారు ఎక్కడాలు ఎక్కలేదు కదా. అందుకని ఆ రోజుల్లో ఎత్తులు తవ్వి, పల్లాలు పూడ్చి, దారిని దాదాపు సమంగా వేశారు. ఇంజను కోసం పడ్డ ఆ శ్రమ ఇవాళ మోకాళ్ల నొప్పులవాళ్లకి పనికొస్తోంది. చక్రాల కుర్చీలో ఓ పెద్దాయన మమ్మల్ని చూసి చెయ్యూపాడు. మూడు చక్రాల బండి తొక్కే పసివాడు నన్ను దాటిపోయాడు కూడాను! పాతికేళ్ల తర్వాత సైకిలెక్కిన దాన్ని, నాకదేం అవమానం అనిపించలేదు. వెనకనుంచి హారను మోగదని తెలిసిన మనిషి వెన్ను ఎంత తేలికవుతుందో అప్పుడే తెలిసింది.

మొదటి సొరంగం చల్లగా, చెమ్మగా ఉంది. అది దాటగానే కాళ్లకింద ఎత్తైన రాతి వంతెన, దాని కింద ఏరు. ఈ వంతెన కట్టినందుకు రస్కిన్ మండిపడ్డాడట. దేవతలు తిరగాల్సిన లోయని పాడు చేశారు, ఈ ఊరివాళ్లు ఆ ఊరికి అరగంటలో చేరి ఒరగబెట్టేదేమిటి అని ఆయన గోల. గాంధీగారిని 1904లో కదిలించిన "అన్‌టు దిస్ లాస్ట్" రాసిన రస్కినే. ఆ పుస్తకాన్ని గాంధీగారు చదివింది రైల్లోనే కావడం వేరే సంగతి. తీరా, ఆయన తిట్టిన వంతెననే కాపాడవలసిన కట్టడంగా 1970లో జాబితాకెక్కించారు. ఇప్పుడు దాన్ని చూడ్డానికే జనం వస్తున్నారు.

వంతెన మీద నిలబడి ఉండగా ఫోను మోగింది. అమ్మ.

"ఎక్కడున్నావే?"

"సైకిలు తొక్కుతున్నానమ్మా."

"సైకిలా! ఏం పని మీద?"

"ఊరికే."

ఒక్క క్షణం మాట లేదు. తర్వాత, "సరే జాగ్రత్త. పిల్లాడు స్కూలునుంచి వచ్చే వేళయింది, పాలు కాచాలి" అని పెట్టేసింది. నా ఇల్లు, నా పిల్లాడు, నా స్టవ్వు. వాటి ముందు డెబ్బై రెండేళ్ల మా అమ్మ. ఇక్కడ వంతెన మీద నేను. ఆ తర్వాత సైకిలు అంత తేలిగ్గా సాగలేదు.

మూడో సొరంగం దాటాక కింద ఏటి ఒడ్డున లిట్టన్ మిల్లు ఉందని చెల్లెలు చెప్పింది. ఇప్పుడు అందులో కాపురాలుంటున్నారు. ఒకప్పుడది ఏటి నీటితో నడిచిన నూలు మిల్లు. రెండు వందల ఏళ్ల కిందట అనాథ పిల్లల్ని తెచ్చి అందులో పనికి పెట్టేవారు. రాబర్ట్ బ్లింకో అనే కుర్రవాణ్ణి ఏడేళ్ల వయసులో లండన్ అనాథాశ్రమంనుంచి, కడుపునిండా మాంసం పెడతారని ఆశపెట్టి, ముందొక మిల్లుకి, ఆ తర్వాత ఇక్కడికి తెచ్చారు. పెద్దయ్యాక అతను తన కథ చెప్పుకుంటే 1828లో అచ్చయింది. ఆకలికి తాళలేక పందులకి వేసే పిండి ముద్దలు దొంగిలించి తిన్నామని అందులో ఉంది. ఈ చెట్లే, ఈ ఏరే. ఆ పిల్లలకి ఊరికే కూర్చునే ఘడియ ఒక్కటి దొరికి ఉంటుందా?

ఆ కొండల్లోనే ఇంకో కథ ఉంది. మాంచెస్టరు మిల్లుల్లో వారమంతా పొగ మింగిన కూలీలు ఆదివారం నాడు కొండమీద నడుద్దామనుకుంటే కొండలు జమీందార్లవి, కావలివాళ్లు అడ్డం. వాళ్ల వేట పక్షులు బెదిరిపోతాయట! 1932 ఏప్రిల్ 24న వందలమంది కలిసి కిండర్ స్కౌట్ అనే కొండ ఎక్కారు. అయిదుగురు జైలుకి వెళ్లారు. దేనికోసమండీ? కూలి పెంచమని కాదు. ఊరికే నడవనిమ్మని. 1951లో ఆ ప్రాంతమే బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు అయింది. నేను తొక్కిన దారి ఆ పార్కులోదే.

అందాకా నాకొక అనుమానం ఉండేది. పని లేని తిరుగుడు బద్ధకం కాదా, స్వార్థం కాదా అని. మా నాన్న ముప్ఫయ్యేళ్లు సైకిలు తొక్కింది బడికి వెళ్లడానికీ, బియ్యం బస్తా తేవడానికీ. సరదాకి తొక్కడానికి డబ్బిచ్చి సైకిలు తెచ్చుకుంటున్న నన్ను చూస్తే ఆయన నవ్వేవారేమో. కానీ మిల్లు మాటా కొండ మాటా విన్నాక ప్రశ్నే మారిపోయింది. ఊరికే ఉండటం తప్పా అన్నది కాదు అడగాల్సింది. ఎవరి చేత పాలు కాయించి నేను ఊరికే ఉంటున్నాను? వాళ్ల వంతు ఎప్పుడొస్తుంది? ఎందుకంటే ఊరికే అన్నది ఎవరికీ ఊరికే రాదు. ఎవరో తవ్వి ఉంటారు, ఎవరో జైలుకి వెళ్లి ఉంటారు, ఎవరో స్టవ్వు ముందు నిలబడి ఉంటారు. పుచ్చుకున్నదాన్ని పంచుకుంటే అది హాయి. మనమే ఉంచేసుకుంటే, అప్పుడు నిజంగానే స్వార్థం. రస్కిన్‌గారి మీద నా ఫిర్యాదు కూడా అదే. ఊరివాళ్లు లోయలోకి రావడమే ఆయనకి గిట్టలేదు. చక్రాల కుర్చీలో పెద్దాయన్ని చూస్తే ఏమనేవారో!

తిరిగొచ్చిన వారానికి ఓ సాయంత్రం, "అమ్మా, కాలువ గట్టు దాకా వెళ్లొద్దాం రా" అన్నాను.

"ఏం పని?"

"ఊరికే."

"పాలో?"

"వాడే కాచుకుంటాడు."

నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లింది. చీర మార్చుకుని వచ్చింది, చేతిలో కూరల సంచి. "సంచెందుకమ్మా?" అంటే, "ఎవరైనా అడిగితే?" అంది. అడిగారు కూడా. అమ్మ సంచి పైకెత్తి చూపించి, "కూరలకి" అంది. మా కాలువ గట్టు మీద ఇప్పుడు మోటారు సైకిళ్లు జోరుగా పోతుంటాయి. ఓ పక్కకి ఒదిగి నడిచి, లాకుల దగ్గర పిట్టగోడ మీద కూర్చున్నాం. ఏమీ మాట్లాడుకోలేదు. చీకటి పడేవేళకి ఖాళీ సంచితో ఇంటికొచ్చాం. పిల్లాడు పాలు పొంగించి స్టవ్వంతా పాడుచేశాడు. కొంపేం మునిగిపోలేదు.

మర్నాడు అయిదింటికి నేను రాసుకుంటుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇవాళ వెళ్లమా?" అంది.

సంచి చేతిలోనే ఉంది. ఉండనీండి. యాభై ఏళ్లు మోసిన సంచి, ఒక్క రోజులో దించమంటే ఎలా?